మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలో అడిగావా?

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో ఏడుస్తూ చెప్పావు కదా, సగం మాటలు అందలేదు. అందినంతవరకు సంగతి ఇదీ. బుజ్జోడికి వాంతులు, నీళ్ళ మోషన్స్ పట్టుకున్నాయి. మొదట చూపించిన డాక్టరు వాడి ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యకుండా ఒక యాంటీబయాటిక్, మోషన్స్ ఆగడానికి ఒక మందు రాసి, పాలు మాన్పించమన్నాడు. ఓఆర్ఎస్ మాటే ఎత్తలేదు. రెండో రోజు రాత్రికి పిల్లాడు తోటకూర కాడలా వేలాడిపోతే ఇంకో ఆసుపత్రికి పరుగెత్తారు. అక్కడ సెలైన్ ఎక్కించి, మూడు రోజులు ఉంచుకుని పంపించారు. "నేనేం తప్పు చేశాను పెద్దమ్మా?" అని అడిగావు.

తప్పొప్పుల సంగతి తర్వాత. ముందు ఇంట్లో చూసుకోవలసింది చెబుతాను. జింక్ మందు రాసిచ్చి ఉంటారు. మోషన్స్ ఆగాయని మానెయ్యకు, చెప్పిన పది, పద్నాలుగు రోజులూ వెయ్యి. పాలు మానడం, కడుపు మాడ్చడం అసలు వద్దు, తిన్నంత పెట్టు. మళ్ళీ నీళ్ళ మోషన్ అయితే, రెండేళ్ళలోపు పిల్లాడు కాబట్టి అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్ పట్టాలి. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే మొత్తం ప్యాకెట్‌ని లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసుడు నీళ్ళలో చిటికెడు వేస్తే పని చెయ్యదు, చిక్కగా కలిపితే ఇంకా ప్రమాదం. కలిపింది మర్నాటికి ఉంచొద్దు. పేరు దగ్గరగా ఉందని తీపి పానీయాలు కొనొద్దు, ఆ చక్కెరకి మోషన్స్ ఇంకా పెరుగుతాయి. తాగింది కక్కేస్తే పది నిమిషాలు ఆగి, చెంచాతో నిమిషానికొకసారి పట్టు. నర్సుగా పిల్లల వార్డులో నేను గడియారం ఎదురుగా పెట్టుకుని కూర్చుని పట్టిన రాత్రులున్నాయి. విసుగొచ్చే పనే. కానీ చాలామంది పిల్లలకి సూది గుచ్చే అవసరం లేకుండా పోయింది దానివల్లే.

ఇక ఆ మొదటి డాక్టరు సంగతి. నువ్వు ఎక్కువగా బాధపడింది అతను మొహం చూడలేదని, విసుక్కున్నాడని. నా దృష్టిలో అది పెద్ద తప్పు కాదు. మర్యాద తెలియని మంచి డాక్టర్లని చాలామందిని చూశాను. తియ్యగా మాట్లాడి, ఐదు రకాల సిరప్‌లు రాసి, తల నిమిరి పంపే వాళ్ళనీ చూశాను. చీటీ ఎంత పొడుగుంటే వైద్యం అంత గొప్పదని మనవాళ్ళ నమ్మకం. అది తెలిసి రాసేవాళ్ళూ ఉన్నారు. అతని అసలు తప్పులు వేరే. నీరు ఎంత పోయిందో చూడలేదు. రక్తం లేని నీళ్ళ మోషన్స్‌కి, అవి ఎక్కువగా వైరస్ వల్లే వస్తాయి కనుక, యాంటీబయాటిక్ రాశాడు. పేగు కదలికని ఆపే మందు అంత చిన్నపిల్లలకి వాడకూడదు, అదీ రాశాడు. అన్నిటికంటే పెద్దది, ఏం జరిగితే మళ్ళీ తీసుకురావాలో చెప్పకుండా పంపించేశాడు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే రెండో రోజు మధ్యాహ్నమే బయల్దేరేదానివి, రాత్రి దాకా ఆగేదానివి కాదు.

నేనేదో అన్నీ తెలిసినదాన్నని ఇలా రాస్తున్నాననుకోకు. మీ అక్కకి రెండేళ్ళప్పటి సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. అప్పటికి నర్సు ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. దానికి జ్వరం వచ్చింది. దగ్గు లేదు, జలుబు లేదు, ఒట్టి జ్వరం. మొదటి డాక్టరు వైరల్ అన్నారు. మూడో రోజు ఇంకొకరి దగ్గరికి వెళ్తే గొంతు ఎర్రగా ఉందని యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. నాలుగో రోజు మూడో ఆయన ఆ మందు ఆపి ఇంకోటి రాశారు. ఐదో రోజు నాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చెవులు చూశారు, పొట్ట నొక్కి చూశారు. తర్వాత నావైపు తిరిగి, "ఒంటికి పోసేటప్పుడు ఏడుస్తోందా?" అన్నారు.

ఏడుస్తోంది. మూడు రోజులుగా ఏడుస్తోంది. నాకు తెలుసు. జ్వరానికి చిరాకు పడుతోందనుకున్నాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పిల్లల వార్డులో పనిచేస్తూ నేను చెప్పలేదు!

మూత్రం పరీక్షకి పంపారు. చీము కణాలున్నాయి, అంటే మూత్రంలో ఇన్ఫెక్షన్. కానీ అప్పటికే రెండు రకాల యాంటీబయాటిక్‌లు పడ్డాయి కదా, కల్చర్‌లో, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షలో, ఏదీ పెరగలేదు. ఏ క్రిమో, ఏ మందుకి లొంగుతుందో తెలియకుండానే వైద్యం చెయ్యాల్సి వచ్చింది. తగ్గిందనుకో. కానీ ఆ పదిరోజుల టెన్షన్‌కి కారణం ముగ్గురు డాక్టర్లేనని చాలాకాలం తిట్టుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళది సగమే. అందుకే చిన్నపిల్లలకి కారణం తెలియని జ్వరం ఉంటే, ముఖ్యంగా ఆడపిల్ల అయితే, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే మూత్రం పరీక్ష సంగతి అడగమని వచ్చిన ప్రతి తల్లికీ చెప్పేదాన్ని.

దీంట్లోనే ఇంకో కిటుకుంది. జబ్బు మొదటి రోజున చూసిన డాక్టరుకి కనిపించేది జ్వరం ఒక్కటే. నాలుగో రోజుకి దద్దుర్లో, ఆయాసమో బయటపడతాయి. అప్పుడు చూసినవాళ్ళు ఇట్టే కనిపెట్టేస్తారు. చివర చూసిన డాక్టరే దేవుడైపోతాడు, మొదట చూసినవాడు చేతకానివాడైపోతాడు. ప్రతిసారీ అది న్యాయం కాదు. ఊరికే డాక్టర్లని మార్చుకుంటూ పోతే ప్రతి ఒక్కరూ జబ్బులో ఒక్క ముక్కే చూస్తారు. మార్చొద్దని కాదు. మారిస్తే పాత చీటీలు, పరీక్షలు, వాడిన మందుల సీసాలతో సహా పట్టుకెళ్ళు. "ఇంతకుముందు ఎక్కడా చూపించలేదండీ" అని మాత్రం ఎప్పుడూ అబద్ధం చెప్పకు. చాలామంది చెబుతారు, ఏమంటారోనని.

ఒక నోటుపుస్తకం పెట్టు. ఫోన్లో రాసుకున్నా సరే గానీ, ఆ గాభరాలో ఫోను ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. బిడ్డ బరువు మొదటి పేజీలో ఉండాలి. జ్వరం ఎంత, ఏ టైముకి. ఏ మందు, ఎంత, ఎప్పుడు. ఎన్ని మోషన్స్, ఎన్ని వాంతులు. చివరిసారి ఒంటికి ఎప్పుడు పోశాడు. "పొద్దుట్నుంచీ ఒకటే మోషన్స్ అండీ" అంటే డాక్టరు వినీ విననట్టు ఉంటాడు. "ఉదయం ఆరు నుంచి తొమ్మిదిసార్లు, మధ్యాహ్నం నుంచి డైపర్ తడవలేదు" అని చెప్పి చూడు, రాసే పెన్ను ఆగుతుంది.

బరువు ఎందుకంటే, పిల్లలకి మందు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. పారాసెటమాల్ కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లాడికి ఒక మోతాదు 100 నుంచి 150. ఇప్పుడు సీసా చూడు. 5 మిల్లీలీటర్లలో 120 ఉన్న సిరప్ ఉంది, 250 ఉన్నదీ ఉంది. మొదటిది 5 మిల్లీలీటర్లు సరిపోతుంది, రెండోది అంతే పోస్తే ఎక్కువైపోతుంది. చుక్కల మందు ఇంకా చిక్కన, దాన్ని సిరప్ లెక్కన పోస్తే లివర్‌కే ముప్పు. చీటీలో "5 ఎంఎల్" అని మాత్రమే ఉంటే ఏ సీసాలోదని అక్కడే అడుగు. వంటింటి చెంచాతో కొలవకు. మోతాదుకీ మోతాదుకీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, రోజుకి నాలుగుసార్లు మించొద్దు. ఆస్పిరిన్ జోలికి పోవద్దు. రెండేళ్ళలోపు వాళ్ళకి దగ్గు, జలుబు సిరప్‌లు ఎవరైనా రాస్తే దేనికని అడిగి తీరాలి. వాటివల్ల ఆ వయసు పిల్లలకి ఒరిగేది దాదాపు ఏమీ లేదు. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో కలుషితమైన సిరప్‌లు తాగి మూత్రపిండాలు పాడై అరవైమందికి పైగా పసిపిల్లలు పోయారు.

దగ్గు ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకో. ఇది నీకు నేనిచ్చే ఆస్తి అనుకో. ఏడవనప్పుడు, పాలు తాగనప్పుడు, నిద్రలో అయితే మరీ మంచిది, చొక్కా పైకి జరిపి పొట్ట వైపు చూడు. పైకి లేచిన ప్రతిసారీ ఒకటి. పూర్తి నిమిషం లెక్కపెట్టాలి, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయకు. చిన్నపిల్లల ఊపిరి ఒక్క తీరుగా ఉండదు, కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా నడుస్తుంది. ఏడాది దాటిన పిల్లాడికి నిమిషానికి 40 అంతకు మించి ఉంటే ఆ రోజే చూపించాలి. రెండు నెలలు దాటి ఏడాదిలోపు వాళ్ళకైతే 50. డొక్కలు ఎగరేస్తూ, పక్కటెముకల కింద గుంట పడుతుంటే లెక్కపెట్టడం ఆపి బయల్దేరు.

అలా వెంటనే బయల్దేరాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఏం పట్టినా తాగకపోవడం, తాగిందంతా కక్కెయ్యడం, మగతగా పడి ఉండటం, ఫిట్స్. కళ్ళు గుంటలు పడి, ఏడ్చినా కన్నీరు రాకపోతే నీరు బాగా పోయినట్టే. పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే టక్కున వెనక్కి పోవాలి, మెల్లగా పోతే ఆలస్యం చెయ్యొద్దు. ఎర్రమచ్చల మీద గాజుగ్లాసు నొక్కినా రంగు పోకపోతే అర్ధరాత్రయినా సరే వెళ్ళిపోవాలి. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టకు, టైము చూడు. ఐదు నిమిషాలు దాటితే అత్యవసరం.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఇద్దరూ ఉండండి. ఒకరు బిడ్డని పట్టుకోవాలి, ఒకరు వినాలి. మీ ఆయన్ని బయట బండి దగ్గర నిలబెట్టకు. ఇది ఏమై ఉంటుందనుకుంటున్నారు, ఈ మందు దేనికి అని అడగండి. లేచేముందు మాత్రం, "ఏం కనిపిస్తే మళ్ళీ తీసుకురావాలి, ఎన్నాళ్ళకి తగ్గకపోతే?" అని అడక్కుండా కుర్చీ వదలొద్దు. మొహమాటం వద్దు. మంచి డాక్టరుకి ఆ ప్రశ్న ఇష్టం. విసుక్కున్నా జవాబొచ్చేస్తుంది కదా, అది చాలు.

అడిగినా వినకపోతే ఏం చెయ్యాలంటావు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2007లో రయాన్ అనే పిల్లాడు, ఇంకా మూడేళ్ళు నిండలేదు, స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌తో చనిపోయాడు. వాడి పరిస్థితి దిగజారుతోందని అమ్మానాన్నలు మొత్తుకున్నా సమయానికి ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వాడి పేరుతోనే ఒక నియమం వచ్చింది. ముందు నర్సుకో, డాక్టరుకో చెప్పు, తర్వాత ఆ డ్యూటీలో పైన ఉన్న నర్సుకి చెప్పు, అప్పటికీ కుదరకపోతే ఒక నంబరుకి ఫోన్ చేసి వేరే డాక్టరో, నర్సో వచ్చి చూడాలని అడుగు. కాగితం మీద అలాంటి నియమం ఉన్నా లేకపోయినా, ఆ మెట్లు ఏ ఆసుపత్రిలోనైనా ఎక్కవచ్చు. అరవకుండా ఇలా చెప్పు: "మీరు చెప్పింది అర్థమైందండీ. కానీ పొద్దుటికంటే వీడు బాగా డల్‌గా ఉన్నాడు, ఇది వీడి తీరు కాదు. మీ పైవాళ్ళొకరు వచ్చి చూడాలి." నర్సుగా నేను ఆ మాట విని లేచిన సందర్భాలు ఉన్నాయి. అరుపులు విన్నప్పుడు మాత్రం, నిజం చెప్పాలంటే, బిడ్డ కంటే అరిచేవాళ్ళే కనిపించేవారు నాకు.

ఆ మొదటి డాక్టరు మీద ఫిర్యాదు చెయ్యాలా అన్నావు. చెయ్యి. ఇప్పుడే కాదు, పిల్లాడు పూర్తిగా తేరుకున్నాక. రెండుచోట్లా కాగితాల నకళ్ళు తీసుకుని, ఏ రోజు ఏం చెప్పారో, ఏం రాశారో ఒక్క పేజీలో తేదీల వారీగా రాసి, వివరణ కావాలని ఇవ్వు. తిట్లు రాయకు.

నీ తప్పు సంగతా? డాక్టరు చెప్పిన మాట విన్నావు. అది తప్పెలా అవుతుందే?

నాకు రెండు అంకెలు కావాలి. ఒకటి, బుజ్జోడి ఇవాళ్టి బరువు. రెండు, ఈ రాత్రి వాడు హాయిగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో. బాగున్నప్పటి అంకె తెలిస్తేనే బాగాలేనప్పటిది పోల్చుకోగలవు. లెక్కపెట్టి ఫోన్ చెయ్యి, పదకొండు దాకా మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ