విడి తారు ముక్కల మీద సీలర్ నిలవదు, ముందు రోలర్

ఇంటి ముందు దారిలో పరిచిన పాత తారు ముక్కలు టైర్లకు లేచిపోతున్నాయి, పైన సీలర్ కొట్టొచ్చా అని అడిగారు కదండీ. ఇప్పుడే వద్దండి. సీలర్ అంటే తారును కాపాడటానికి పైన పూసే పలచటి పొర, గట్టిపడిన తారు మీదే నిలుస్తుంది. విడి ముక్కల మీద పోస్తే సందుల్లోకి ఇంకిపోతుంది, డబ్బు దండగ.

ముందు నీళ్లు పక్కకు జారేలా వాలు సరిచేయండి. బాగా ఎండ కాసే రోజు చూసుకుని వైబ్రేటరీ రోలర్ (అదురుతూ నేలను అణిచే రోలర్) అద్దెకు తెచ్చి నాలుగైదు సార్లు తిప్పించండి. వేడికి పాత తారు మెత్తబడి ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అసలు పని ఇదే, ఇక్కడ తొందరపడకండి.

తర్వాత బూటు మడమతో గట్టిగా రాసి చూడండి. ముక్కలు కదలకపోతే సీలర్ వేయొచ్చు. ఇంకా రాలుతుంటే పలచన చేసిన బిటుమెన్ ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు ద్రవం) చల్లి, అది ఇంకాక మళ్లీ రోలర్ తిప్పించండి. వాన పడేలా ఉన్న రోజు మాత్రం మొదలుపెట్టొద్దు.