టెక్ సందేహాలు: స్కూల్ వాట్సాప్ గ్రూప్‌లో అసలు మెసేజ్ ఎక్కడ పోతోంది?

ఈ వారం మూడు ప్రశ్నలూ బడి గురించే తీసుకున్నా. మొదటిదానికి కాస్త ఎక్కువ చోటు ఇచ్చా, ఎందుకంటే అలాంటివి వేరే జిల్లాల నుంచి కూడా చాలా వస్తున్నాయి.

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్, పిల్లలు 310 మంది. క్లాసుకో వాట్సాప్ గ్రూప్ ఉంది గానీ పొద్దున లేస్తే గుడ్ మార్నింగులు, దేవుడి ఫొటోలు, రాజకీయాలు. మేం పెట్టింది ఎవరికీ కనపడట్లేదు. పోయిన నెల ఎఫ్ఏ-1 (బడిలో పెట్టే మొదటి ఫార్మేటివ్ పరీక్ష) మార్కుల లిస్ట్ పెడితే ఒక తల్లి గ్రూప్ నుంచి వెళ్లిపోయింది, వాళ్ల అబ్బాయి రెండ్రోజులు బడికి రాలేదు. ఒకాయన పేరెంట్స్ యాప్ అమ్ముతానంటూ తిరుగుతున్నాడు, కొనమంటారా? – ఒక టీచర్

టీచర్ గారూ, యాప్ కొనకండి. ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయి ఉన్న అమ్మ ఇంకో యాప్ వేసుకుని, దానికో పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని, రోజూ తెరిచి చూస్తుందనుకోవడం కష్టం. వాట్సాప్ ఐతే ఎలాగూ తెరుస్తారు. మీకు కావాల్సింది దాన్ని సర్దుకోవడమే.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా అక్క కొడుకు ఐదో తరగతి, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి పిల్లలంతా పంచె కట్టుకుని రావాలని ముందురోజు రాత్రి వాళ్ల స్కూల్ గ్రూప్‌లో పెట్టారట, ఆ మెసేజ్ ఒక బర్త్‌డే విషెస్ గొలుసుకీ ఎవరో పంపిన కేక్ ఫొటోకీ మధ్యలో ఉంది, మా అక్క చూడలేదు. వాడు ఒక్కడే యూనిఫామ్‌లో వెళ్లాడు. సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగ్ కూడా తియ్యకుండా అమ్మ ఫోన్ తీసుకుని ఆ మెసేజ్ కోసం పైకి జరుపుతూ కూర్చున్నాడు, నేను పక్కనే ఉన్నా. దొరికాక "ఇదిగో అమ్మా, పెట్టారు" అన్నాడు, అంతే.

సరే, పని చూద్దాం. వాట్సాప్‌లో 2022 నవంబర్ నుంచి కమ్యూనిటీ అని ఉంది, స్కూల్ పేరుతో ఒకటి తెరవండి. దాంట్లో అనౌన్స్‌మెంట్స్ అనే గ్రూప్ దానంతటదే వస్తుంది, అందులో అడ్మిన్లు మాత్రమే పోస్ట్ పెట్టగలరు, కమ్యూనిటీలో ఉన్న పేరెంట్స్ అందరికీ ఒకేసారి వెళ్తుంది. ఇంకో మంచి సంగతి, అక్కడ ఒక పేరెంట్ నంబర్ ఇంకో పేరెంట్‌కి కనపడదు, అడ్మిన్లకీ, ముందే సేవ్ చేసుకున్నవాళ్లకీ తప్ప. ఆడవాళ్ల నంబర్లు గ్రూపుల్లోంచి తీసుకుని రాత్రిళ్లు మెసేజ్‌లు పెట్టేవాళ్లున్నారు కాబట్టి నాకిది చాలా పెద్ద విషయం. ఇప్పుడున్న క్లాస్ గ్రూపుల్ని ఆ కమ్యూనిటీ కిందకి చేర్చండి, వాటిల్లో మాత్రం నంబర్లు కనపడతాయి, అది గుర్తుంచుకోండి. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వద్దు, ఒక లిస్ట్‌లో 256 మందే పడతారు, పైగా మీ నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకి అసలు వెళ్లదు.

క్లాస్ గ్రూపుల్లో మాట్లాడనివ్వండి. అన్నీ మూసేస్తే పేరెంట్స్ వినడం తప్ప అడగడం ఉండదు, అప్పుడు బడికీ ఇంటికీ మధ్య నోటీస్ బోర్డే మిగులుతుంది. గుడ్ మార్నింగులు శ్రుతి మించితే కొన్నాళ్లు "అడ్మిన్లు మాత్రమే" పెట్టి మళ్లీ తియ్యండి.

మెసేజ్ రాసే తీరు కూడా మారాలి. సర్క్యులర్‌ని మసక ఫొటో తీసి పెట్టేస్తే చదివేదెవరు? మొదటి లైన్‌లోనే విషయం ఉండాలి: "7వ తరగతి – శుక్రవారం హాఫ్ డే – 12:30కి వదిలేస్తాం – మధ్యాహ్న భోజనం పెడతాం." దాని కిందే అదే మాటని మీ గొంతుతో 30 సెకన్ల వాయిస్ మెసేజ్‌గా పెట్టండి. చదువు రాని నాయనమ్మ దగ్గర పెరిగే పిల్లలు మీ క్లాసులో ఎందరున్నారో మీకే తెలుసు, ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. స్మార్ట్ ఫోన్ లేని ఇళ్ల లిస్ట్ విడిగా రాసి పెట్టుకోండి, వాళ్లకి కాల్ చెయ్యాల్సిందే, వేరే దారి లేదు.

వానాకాలంలో "రేపు సెలవు, కలెక్టర్ ఆదేశం" అని దొంగ ఫొటోలు తిరుగుతాయి, కొన్ని పోయినేడాదివి. అనౌన్స్‌మెంట్స్‌లో వస్తేనే బడి మాట అని మొదటి రోజే చెప్పేయండి. గ్రూప్‌లో ఎవరైనా ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లోకి యాప్ ఎక్కించే ఫైల్) పంపితే, అది ఫీజు రసీదన్నా స్కాలర్‌షిప్ అన్నా, నొక్కొద్దని చెప్పండి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్.

ఇక మార్కుల సంగతి. ఆ తల్లికి మీరే కాల్ చేసి సారీ చెప్పండి, దయచేసి. మార్కులు, ఫీజు బాకీ, హాజరు, ఒక పిల్లాడి గురించిన ఏ మాటైనా వాళ్ల ఇంటికే పర్సనల్‌గా వెళ్లాలి. ఆధార్ కూడా అంతే. అపార్ ఐడీ (విద్యార్థులకిచ్చే గుర్తింపు నంబర్) కోసం "అందరూ పిల్లల ఆధార్ ఫొటో గ్రూప్‌లో పెట్టండి" అంటే, ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉన్న ప్రతి ఫోన్ గ్యాలరీలోకీ ఆ కార్డులు దిగిపోతాయి, మీరు తర్వాత డిలీట్ కొట్టినా ఎవరో ఒకరు అప్పటికే ఫార్వర్డ్ చేసి ఉండొచ్చు. జిరాక్స్ కవర్‌లో పెట్టి పంపమనండి. పోల్ పెట్టినా ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనపడుతుంది, మీటింగ్ టైమ్ అడగడానికి ఓకే, "బస్ ఫీజు కట్టగలరా" లాంటివి అడగొద్దు.

చివరగా, కమ్యూనిటీని మీ సొంత నంబర్‌తో కాకుండా బడి పేరు మీదున్న సిమ్‌తో తెరవండి, ఇద్దరు ముగ్గుర్ని అడ్మిన్లు చెయ్యండి, టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ హెచ్ఎం గారి రిజిస్టర్‌లో ఉండాలి. ఒక్కరే అడ్మిన్ ఉన్న గ్రూప్‌లోంచి ఆయన ట్రాన్స్‌ఫర్ అయి ఎగ్జిట్ ఐతే వాట్సాప్ ఎవరో ఒక మెంబర్‌ని తనే అడ్మిన్ చేసేస్తుంది, అది ఎవరవుతారో మీ చేతిలో ఉండదు.

ప్రశ్న: మా పాప ఫొటో, పేరు, క్లాస్‌తో సహా స్కూల్ ఫేస్‌బుక్ పేజీలో పెట్టారు. తీసేయమంటే "అందరు పేరెంట్సూ సంతోషిస్తారు, మీరేంటండీ" అన్నారు. నేను అతి చేస్తున్నానా? – ఒక అమ్మ, విజయవాడ

అస్సలు లేదమ్మా. పేరు, క్లాస్, స్కూల్, యూనిఫామ్‌లో మొహం, ఈ నాలుగూ కలిస్తే ముక్కూ మొహం తెలియనివాడు గేటు దగ్గర నిలబడి పాపని పేరుపెట్టి పిలవగలడు. "మీ నాన్న పంపాడు" అంటే పాప నమ్ముతుంది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలనేది ఆ చట్టం ఉద్దేశం. ప్రిన్సిపాల్‌కి ఫోన్ కాకుండా మెయిల్ పెట్టండి, పోస్ట్ లింక్ ఇచ్చి తీసేయమనండి, ఇకముందు మీ అనుమతి రాతపూర్వకంగా అడగమనండి. అప్పటికీ తియ్యకపోతే, పాపకి 13 ఏళ్లు నిండకపోతే, అమ్మానాన్నలే నేరుగా ఫేస్‌బుక్‌కి రిపోర్ట్ చేసే ఫామ్ వాళ్ల హెల్ప్ సెంటర్‌లో ఉంది.

స్కూల్ వాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. సైన్స్ ఫెయిర్ ఫొటో పెట్టాలంటే ప్రాజెక్ట్ మీద ఉన్న చేతులు మాత్రమే పడేలా తియ్యండి, లేదా వెనకనుంచి తియ్యండి, పేర్లు వద్దు. మొహాలున్న ఫొటోలు క్లాస్ గ్రూప్ దాటకుండా చూసుకోండి.

ప్రశ్న: దుబాయ్‌లో పని చేస్తా. బాబు నాలుగో తరగతి, నిజామాబాద్ దగ్గర మా ఊళ్లోనే. టీచర్‌తో మాట్లాడదామంటే వాట్సాప్ కాల్ కలవట్లేదు. ఏం చెయ్యాలి సార్?

అన్నా, ఫోన్‌లో తప్పేం లేదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షలున్నాయి, మెసేజ్‌లు, వాయిస్‌లు, ఫొటోలు మాత్రం బాగానే వెళ్తాయి. కాబట్టి కాల్ కోసం చూడకుండా వాయిస్ మెసేజ్‌తో మొదలుపెట్టు. మీకూ మనకీ గంటన్నర తేడా, ఇక్కడ బడి వదిలే నాలుగున్నరకి అక్కడ మూడు, నువ్వు డ్యూటీలో ఉంటావు, టీచర్ ఇంటికెళ్లే తొందరలో ఉంటారు. వాయిస్ ఐతే ఎవరి టైమ్‌కి వాళ్లు వింటారు. "బాబు ఎలా చదువుతున్నాడు" అని అడిగితే "బాగానే" అని వస్తుంది, అలా కాదు, "ఈ వారం వాడు రాసిన లెక్కల నోట్‌బుక్ ఒక పేజీ ఫొటో పంపండి మేడమ్" అని అడుగు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ పేజీ ముందు పెట్టుకుని, ఇక్కడ భాగాహారం మధ్యలో ఎందుకు కొట్టేశావు నాన్నా అని బాబునే అడుగు.