ఫైల్ అదే, వాయించే కార్డు వేరు

"చిన్నప్పుడు కంప్యూటర్లో విన్న మిడి ఫైల్ మళ్లీ దొరికింది. ఇప్పుడు ప్లే చేస్తే ఆ శబ్దం రావట్లేదు. ఫైల్ పాడైందా?" అని ఒకరు అడిగారు. ఫైల్ పాడవలేదండీ. మీరు వెతుకుతున్న శబ్దం అసలు ఆ ఫైల్లో ఎప్పుడూ లేదు.

మిడి ఫైల్లో ఉండేది స్వరలిపి లాంటిది. ఏ వాద్యం, ఏ స్వరం, ఎంత గట్టిగా, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపాలి, అంతే. అందుకే సీడీ నాణ్యతలో 30 ఎంబీ దాటే మూడు నిమిషాల పాట మిడిలో కొన్ని పదుల కేబీలకు సరిపోతుంది. ఒక్క 1.44 ఎంబీ ఫ్లాపీలో బోలెడు పాటలు పట్టేవి. ఆ లిపి చూసి వాయించే పని కంప్యూటర్లో శబ్దం పుట్టించే సౌండ్ కార్డుది.

నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. మా ఇంట్లో సౌండ్ బ్లాస్టర్ 16 అనే కార్డు ఉండేది. విండోస్‌తో పాటు వచ్చిన ఒక మిడి ఫైల్ అంటే చెవి కోసుకునేవాణ్ణి. ఒకరోజు ఫ్రెండ్ వాళ్లింట్లో వాడు అదే ఫైల్ పెట్టాడు. పియానో నిజం పియానోలా మోగింది. డ్రమ్ము మీద కర్ర పడిన దెబ్బ విడిగా వినిపించింది. "ఇది వేరే పాట కదరా" అన్నాను. వాడు మాట్లాడకుండా స్క్రీన్ మీద ఫైల్ పేరు దగ్గర వేలు పెట్టాడు. పేరు అదే, సైజూ అదే. వాళ్లది 1994లో వచ్చిన ఏడబ్ల్యూఈ32 అనే కార్డు. అందులో నిజమైన వాద్యాలను రికార్డు చేసిన ముక్కలు 1 ఎంబీ రోమ్‌లో, అంటే చెరగని మెమరీలో ఉండేవి. కార్డు వాటి శ్రుతి మార్చి వాయించేది.

మా కార్డులో రికార్డింగులేవీ లేవు. యమహా ఓపీఎల్3 చిప్ అన్నీ లెక్క కట్టి పుట్టించేది. ఒక అల ఇంకో అల ఫ్రీక్వెన్సీని వేగంగా ఊపితే కొత్త నాదం పుడుతుంది. ఇదే ఎఫ్ఎం సింథసిస్. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన పద్ధతి. 1987 నాటి యాడ్‌లిబ్ కార్డులో దీని ముందు తరం చిప్ ఓపీఎల్2 ఒకేసారి 9 స్వరాలు పలికించేది, ఓపీఎల్3 వాటిని 18 చేసింది. వయొలిన్ దానికి అస్సలు చేతకాదు, ఒప్పుకుంటాను. కానీ గంటలు, ఆర్గాన్, గరుకుగా ఉండే బేస్ మాత్రం దాని సొంతం. ఆ చిప్ బలం తెలిసి గేములకు సంగీతం కట్టినవాళ్ల పాటలు ఖరీదైన కార్డు మీద వింటే నాకు చప్పగా అనిపిస్తాయి.

ఆ కార్డులతో టెన్షన్ కూడా తక్కువేం కాదు. ఒకసారి నా కార్డు ఐఆర్‌క్యూ 7 మీద ఉంది (ఐఆర్‌క్యూ అంటే కార్డు ప్రాసెసర్‌ను పిలిచే లైన్), ప్రింటర్ పోర్టుకూ అదే నంబరు. గేమ్ మొదలైతే సంగీతం చక్కగా నడిచేది, మనుషుల మాటలు మాత్రం మొదటి ముక్క దగ్గరే ఇరుక్కుని అదే అదే మోగేవి. రెండు రోజులు స్పీకర్లు మార్చి చూశాను. ఎఫ్ఎం చిప్‌కు ఐఆర్‌క్యూ, డీఎంఏ (మెమరీ నుంచి డేటా నేరుగా కార్డుకు చేరే దారి) అక్కర్లేదని, రికార్డు చేసిన శబ్దానికే అవి కావాలని తర్వాత తెలిసింది. కార్డును 5కి మార్చి, కంప్యూటర్ మొదలవగానే నడిచే ఆటోఎగ్జెక్ ఫైల్లో కార్డు సెట్టింగులు చెప్పే బ్లాస్టర్ లైన్‌లో ఐ7ని ఐ5 చేశాక మాట పూర్తిగా వినిపించింది. ఆ సంతోషం చెప్పలేను.

ఇక మీ సంగతి. ఇప్పటి విండోస్ మిడిని తనలోని సాఫ్ట్‌వేర్ సింథ్‌తో, రోలాండ్ కంపెనీ శాంపిల్స్ (రికార్డు చేసిన వాద్య ముక్కలు) వాడి వాయిస్తుంది. మీ పాత కార్డు ఎఫ్ఎం అయితే ఆ శబ్దం ఇందులో రాదు. ఓపీఎల్3ని అనుకరించే లిబ్ఏడీఎల్‌మిడి లాంటి ప్లేయర్‌తో వినండి. డాస్ గేమ్ సంగీతమైతే పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే డాస్‌బాక్స్ చాలు. ఏడబ్ల్యూఈ రకం కార్డయితే ఫ్లూయిడ్‌సింథ్ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లో సౌండ్‌ఫాంట్లు (వాద్యాల శబ్దాలున్న ఫైళ్లు) మార్చి చూడండి. వేణువు రావాల్సిన చోట ఇంకేదో వాద్యం మోగుతుంటే, ఆ ఫైల్ రోలాండ్ ఎంటీ-32 అనే సింథ్ పెట్టె కోసం రాసిందేమో చూడండి. అది 1987 నాటిది. 128 వాద్యాలకు నంబర్లు ఖాయం చేసిన జనరల్ మిడి 1991లో వచ్చింది, రెండింటి నంబర్లూ కలవవు. ఎంటీ-32ను అనుకరించే మంట్ అనే ఎమ్యులేటర్ ఉంది.

నేను మొన్న ఓపీఎల్3 అనుకరణలో నా పాత ఫైల్ పెట్టాను. మొదటి బేస్ స్వరానికే ఒళ్లు జలదరించింది. వరసగా నాలుగుసార్లు విన్నాను.

మీ కార్డు పేరు గుర్తు లేకపోతే, ఆ పాటలో డ్రమ్ములు ఎలా వినిపించేవో కామెంట్లో రాయండి. తాళాలు (సింబల్స్) ఉస్సుమంటూ గాలి వదిలినట్టు ఉండేవంటే అది దాదాపు ఎఫ్ఎం చిప్పే.