పారిపోయిన కుర్రాడి కథ రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. పదిహేడేళ్ల కుర్రాడు తండ్రి కారు తీసుకెళ్లి, రాత్రివేళ రోడ్డు దాటుతున్న కూలీని గుద్ది, ఆపకుండా వెళ్లిపోయేదాకా నీ వాక్యం ఎక్కడా తడబడలేదు. ఆ తర్వాత కథ కోర్టుకెక్కి, జడ్జి అతనికి పదేళ్ల జైలు వేశాడు. మన దేశంలో అలా జరగదు. పద్దెనిమిది నిండనివారి కేసు ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చునే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళుతుంది. పదహారు నిండినవారిని పెద్దవాళ్లతో సమానంగా విచారించాలన్నా, ఆ నేరానికి చట్టంలో కనీస శిక్ష ఏడేళ్లో అంతకు మించో ఉండాలి. 2016లో ఢిల్లీలో పద్దెనిమిది నిండబోతున్న ఒక కుర్రాడు కారుతో ఒకరి ప్రాణం తీసిన కేసులో, గరిష్ఠ శిక్ష ఎంత ఉన్నా కనీస శిక్ష లేని నేరానికి ఈ వీలు వర్తించదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. నువ్వు రాసిన పదేళ్లు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, బండితో ప్రాణం తీసి పోలీసులకు చెప్పకుండా పారిపోయినవారికి ఉద్దేశించిన 106(2)లోనివి. లారీ డ్రైవర్ల ఆందోళన తర్వాత, 2024 జూలై 1న సంహితను అమల్లోకి తెచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను ఆపి ఉంచారు.

కాబట్టి కోర్టు దృశ్యం తీసేయి. నీ అసలు కథ ప్రమాదం తర్వాతి ఇరవై నాలుగు గంటల్లో ఉంది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం, గాయపడిన మనిషిని దగ్గరి ఆసుపత్రికి చేర్చడానికి డ్రైవరు తన వంతు ప్రయత్నం చేయాలి. పోలీసులెవరూ అక్కడ లేకపోతే దగ్గరి స్టేషన్‌లో వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల లోపు, జరిగింది చెప్పాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. జనం కొడతారన్న భయంతో నీ కుర్రాడు ఆగలేదు. ఆ భయం ఉత్తది కాదు, జనాగ్రహాన్ని ఆ సెక్షనే ఒక కారణంగా ఒప్పుకుంది. కానీ మలుపు తిరిగాక, వెనక ఎవరూ రావడం లేదని తెలిశాక, స్టేషన్ ముందు నుంచే ఇంటికి వెళ్లిపోయాడు చూడు, దానికి ఏ మినహాయింపూ లేదు. అక్కడ నిలబడి రాయి.

తండ్రి తెల్లవారకముందే షెడ్డు తెరిపించి పగిలిన హెడ్‌లైటు మార్పించడాన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. అది సాక్ష్యాన్ని మాయం చేయడం, విడిగా మరో నేరం. అంతకుముందే, మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ కింద, లైసెన్సు లేని మైనర్ చేసిన నేరానికి తండ్రి బాధ్యుడయ్యాడు: మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. కుర్రాడికి ఇరవై అయిదేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. తనకు తెలియకుండా తీసుకెళ్లాడని రుజువు చేసుకోవలసింది తండ్రే కనుక, కారు తాళాలు రోజూ ఆ ఇంట్లో ఎక్కడ వేలాడుతుంటాయో పాఠకుడికి చూపించు.

నన్ను ఎక్కువగా కలచివేసింది ఆ కూలీ కుటుంబం నీ కథలో ఎక్కడా లేకపోవడం. గుద్దిన బండి ఏదో తెలియకపోతే మరణానికి ప్రభుత్వ పథకం కింద వాళ్లకు దక్కేది 2 లక్షలు, తీవ్ర గాయానికైతే 50,000. నంబరు తెలిస్తే ఆ మనిషి వయసు, సంపాదన, అతని మీద ఆధారపడినవాళ్ల సంఖ్య చూసి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ పరిహారం ఎంతో నిర్ణయిస్తుంది. ఆ సొమ్మును బీమా కంపెనీ చెల్లించి, తర్వాత కారు యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. పారిపోవడం వల్ల చితికిపోయేది ఆ ఇల్లే. ఆ ఇల్లాలిని కథలోకి తీసుకురా, మార్చురీ దగ్గర కానిస్టేబుల్ ఆమెను ఏమేం అడుగుతాడో రాయి.

ఇది మీ ఊళ్లో జరిగిందేనని రాశావు. కేసులో ఉన్న మైనర్‌ను పోల్చుకునేలా పేరు, చిరునామా, బడి, ఫొటో ప్రచురించడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. దానికి ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. పత్రికకు పంపేముందు ఊరు, కాలేజీ, తండ్రి వ్యాపారం, చివరికి కారు రంగు కూడా మార్చెయ్యి.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన