పాడనన్న కాకి, పాత మెలోట్రాన్

ప్రశ్న: మా పెదనాన్న దగ్గర కింగ్ క్రిమ్సన్, యెస్, జెత్రో టల్ బృందాల రికార్డులు బోలెడున్నాయి. పొడుగు పాటల, మారే తాళాల ప్రోగ్రెసివ్ రాక్ 1975 తర్వాత చచ్చిపోయిందని ఆయన వాదన. కాదనడానికి మా కాలపు ఆల్బం ఒకటి చెప్పండి.
– ఇంజనీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: పెదనాన్నగారితో వాదనకు దిగకండి, రికార్డులు కూడబెట్టుకున్నవాళ్లతో ఎవరూ గెలవలేరు. ఆయన్ని కూర్చోబెట్టి స్టీవెన్ విల్సన్ ఆల్బం ‘ద రేవెన్ దట్ రెఫ్యూజ్డ్ టు సింగ్’ పెట్టండి. పాడనని మొరాయించిన కాకి అన్నమాట. 2013 ఫిబ్రవరిలో వచ్చింది. పాటలు ఆరే, నిడివి 55 నిమిషాలకు కాస్త తక్కువ. మొదటి పాట ‘లూమినాల్’ ఒక్కటే 12 నిమిషాలు దాటుతుంది. అన్నీ దయ్యాల కథలే.

విల్సన్ ఇంగ్లండువాడు. కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బం 1969 అక్టోబరులో వచ్చేనాటికి అతనికి రెండేళ్లు కూడా నిండలేదు. అంటే ఆ కాలం అతనికి జ్ఞాపకం కాదు, చదువు. ఆ చదువు కూడా దగ్గరగా సాగింది. 2009 నుంచి కింగ్ క్రిమ్సన్ పాత ఆల్బంలను కొత్తగా మిక్స్ చేసే (విడివిడి వాయిద్యాలను మళ్లీ కలిపే) పని అతని చేతికి వచ్చింది, తర్వాత జెత్రో టల్, ఎమర్సన్ లేక్ అండ్ పామర్ వంటివారివీ వచ్చాయి. అసలు టేపుల్లోంచి డ్రమ్స్ విడిగా, ఫ్లూట్ విడిగా, గొంతు విడిగా తీసి వినడమంటే ఏమిటో ఆ పని చేసినవారికే తెలుస్తుంది. పాటను శ్రోతగా వెయ్యిసార్లు విన్నా అంత తెలియదు.

ఇక తన ఆల్బం దగ్గరకు వచ్చేసరికి రికార్డింగ్ ఇంజనీరుగా ఎవరిని పిలిచాడనుకున్నారు? అలన్ పార్సన్స్‌ని. పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాటి ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ను రికార్డు చేసిన మనిషి. 2012లో లాస్ ఏంజిలిస్‌లోని ఈస్ట్‌వెస్ట్ స్టూడియోలో గిటార్‌కు గత్రీ గోవన్, బేస్ గిటార్‌కు నిక్ బెగ్స్, డ్రమ్స్‌కు మార్కో మినమాన్, కీబోర్డులకు ఆడం హోల్జ్‌మన్, ఫ్లూట్‌కూ శాక్సాఫోన్‌కూ థియో ట్రావిస్, వీరితో విల్సన్. పాటను ముక్కలుగా పేర్చకుండా, జట్టంతా కలిసి వాయిస్తుండగా పట్టుకున్నారు.

పెదనాన్నగారికి చూపించవలసింది ఈ చివరి సంగతే. నేను మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో పనిచేసిన రోజుల్లో వాయిద్యకారులంతా ఒకే హాల్లో కూర్చునేవారు. వెనుక వరుసలో వయొలిన్ ఒకటి అపస్వరం పలికితే పాట మళ్లీ మొదటికి వచ్చేది. దానివల్ల చికాకు ఎంత ఉండేదో, ఒకరి చేతిని ఒకరు కనిపెట్టుకుని వాయించడం అంతే ఉండేది. ట్రాకుల పద్ధతి పెరిగాక తబలా ఆయన సోమవారం వచ్చి వెళ్తే, ఫ్లూట్ ఆయన గురువారం వచ్చి హెడ్‌ఫోన్‌లో తబలాను విని వాయించి వెళ్లేవాడు. తప్పులు పోయాయి, వాటితోపాటు ఇంకేదో పోయింది. ‘లూమినాల్’ మొదట్లో బేస్, డ్రమ్స్ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి, చూడండి. డ్రమ్మర్ ఒక దెబ్బను రవ్వంత ఒత్తితే బేస్ వెంటనే అందుకుంటుంది. అటువంటిది తర్వాత అతికించలేం. పాత కాలం నుంచి విల్సన్ తెచ్చుకున్న అసలు ఆస్తి అది. ఫ్లూట్, మెలోట్రాన్, పొడుగు పాటలు ఎవరైనా తెచ్చుకోగలరు.

అన్నట్టు ‘లూమినాల్’ కథ కూడా పెదనాన్నగారికి చెప్పండి. వీధి మూల నిలబడి రోజూ గిటార్ వాయించి పాడే ఒకాయన ఉంటాడు. ఎవరు విన్నా, వినకపోయినా మానడు. చచ్చిపోయిన తర్వాత కూడా అక్కడికే వచ్చి వాయిస్తుంటాడు.

ప్రశ్న: మీరు మాటిమాటికీ మెలోట్రాన్ అంటారు. అది హార్మోనియమా, సింథసైజరా?
– గృహిణి, విజయవాడ

జవాబు: రెండూ కాదమ్మా, టేపురికార్డరు. కాకపోతే మెట్లున్న టేపురికార్డరు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1963 నుంచి తయారు చేశారు. ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క వేలాడుతుంది, దాని మీద ఒకే స్వరం, నిజమైన వయొలినో ఫ్లూటో వాయించి రికార్డు చేసినది ఉంటుంది. మెట్టు నొక్కితే టేపు వెళ్లి తిరుగుతున్న ఇరుసుకూ హెడ్డుకూ ఒత్తుకుంటుంది, స్వరం మోగుతుంది. వేలు తీస్తే స్ప్రింగు టేపును వెనక్కి లాగేస్తుంది. టేపు నిడివి సుమారు 8 సెకన్లు. ఆ తర్వాత మీరెంత నొక్కి పట్టినా నిశ్శబ్దమే. మార్క్ టూ రకంలో 35 మెట్ల వరుసలు రెండు, అంటే 70 టేపులు.

ఈ 8 సెకన్ల వల్ల వాయించే తీరే మారిపోయింది. స్వరం అయిపోకముందే వేలు ఎత్తాలి, ఎత్తిన వేలు దిగేలోపు ఇంకో వేలు ఆ ఖాళీని నింపాలి. మోటారు వేగం నిలకడగా ఉండదు కాబట్టి వయొలిన్ల గుంపు కాస్త వణుకుతున్నట్టు వినిపిస్తుంది. మా థియేటర్లో టేపు అలా వణికితే మెకానిక్‌ని పిలిచేవాళ్లం. కింగ్ క్రిమ్సన్ వారు దాన్నే శోకంగా మార్చారు. ఆ 1969 ఆల్బంలో మోగిన యంత్రాన్నే విల్సన్ ఈ ఆల్బంలో వాడుకున్నాడు. అదే ధ్వని ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో చవకగా దొరుకుతుంది, 8 సెకన్ల తర్వాత ఆగనివ్వని వెసులుబాటుతో సహా. ఆ వెసులుబాటే నాకు నచ్చదు.

ప్రశ్న: ఎంత చెప్పినా ఈ విల్సన్ ఆల్బం పాతవారి అనుకరణే కదా? పాతవాళ్లనే వినవచ్చు కదా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: కొంతవరకు మీరన్నది నిజమే. మూడో పాట ‘ద హోలీ డ్రింకర్’లో అప్పు బాగా కనిపిస్తుంది. ఆ శాక్సాఫోన్ అరుపులు, ఆ బరువైన గిటార్ వింటుంటే కింగ్ క్రిమ్సన్ తలుపు తట్టకుండా లోపలికి వచ్చేసినట్టుంటుంది. (అందులో ‘వా వా’ అని పలికే గిటార్ వాయించింది అలన్ పార్సన్స్ అని తెలిస్తే మీకు ముచ్చటేస్తుంది. మీటల బల్ల వెనుక కూర్చునేవాళ్లకూ సరదాలుంటాయి.) నాలుగో పాట నాకు పెద్దగా ఎక్కలేదు.

కానీ రెండో పాట ‘డ్రైవ్ హోమ్’, చివరి పాట విని అప్పుడు ఉత్తరం రాయండి. ‘డ్రైవ్ హోమ్’ చివర గత్రీ గోవన్ గిటార్ వస్తుంది. ఎంత వేగంగానైనా వాయించగల మనిషి, ఇక్కడ మొదట్లో ఒక్కొక్క స్వరాన్నీ సాగదీసి, ఆగి, మళ్లీ అందుకుంటాడు. వేగం ఆఖరికి గానీ బయటపెట్టడు. నేను ఇప్పటికీ ఆ చోటికి వచ్చేసరికి చేతిలో పని పక్కన పెడతాను.

చివరిది ఆల్బం పేరున్న పాట. చిన్నతనంలో చనిపోయిన అక్క కోసం జీవితమంతా కుమిలిన ముసలాయన తోటకు ఒక కాకి వస్తుంది. అక్కే వచ్చిందని నమ్ముతాడు. ఆమె పాడేది కదా, నువ్వూ పాడు అని దాన్ని బతిమాలుతాడు. మన ఇళ్లలో పిండం ముట్టని కాకిని బతిమాలినవాళ్లకు ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు. పియానోతో నింపాదిగా మొదలై, తీగవాద్యాల బృందం చేరి పెద్దదవుతుంది. ఆ బృందానికి స్వరాలు కూర్చినవాడు డేవ్ స్టూవర్ట్, అతను మాత్రం నిజంగా ఆ పాత కాలపు కీబోర్డు వాద్యకారుడే. విచిత్రమేమిటంటే పాతవాళ్లు ఒకే ఆల్బంలో వందసార్లు చూపించిన విద్య ఈ పాటలో దాదాపు కనిపించదు. అంత నేర్చుకున్నవాడు ఇక్కడ ఏదీ ప్రదర్శించలేదు. అనుకరించేవాళ్లు ఆ పని చేయలేరు.

ప్రశ్న: కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాను. ఈ రాక్ పాటలకు తాళం వేస్తుంటే మధ్యలో దారి తప్పుతున్నాను. ఏమి చేయాలి?
– విద్యార్థిని, వరంగల్

జవాబు: ఏడు లెక్కల మిశ్రచాపు వేయగల చేతికి భయమెందుకు? పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’ పాట ఏడు లెక్కలో నడుస్తుంది. శాక్సాఫోన్ వంతు కూడా ఏడే, గిటార్ వంతు వచ్చేసరికి నాలుగుకు మారుతుంది, మీరు తప్పేది అక్కడే. జెత్రో టల్ 1969 నాటి ‘లివింగ్ ఇన్ ద పాస్ట్’ అయిదు, అంటే ఖండచాపు చెయ్యి సరిపోతుంది. మన కృతి ఎత్తుకున్న తాళంలోనే ముగుస్తుంది, వీళ్లు చెప్పకుండా తాళం మారుస్తారు. అందుకని చేతిని వదిలి, బేస్ గిటార్ వరుస ఎక్కడ మళ్లీ మొదలవుతుందో వినండి. దాన్ని పట్టుకుంటే లెక్క తానే వస్తుంది. విల్సన్ జోలికి తర్వాత వెళ్లండి.

ప్రశ్న: ఇవన్నీ ఫోనులో వింటే సరిపోదా?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: సరిపోతుంది, మంచి హెడ్‌ఫోన్ ఉంటే. ఫోను స్పీకరులో మాత్రం వద్దు, నిక్ బెగ్స్ బేస్ అందులో వినిపించదు. అది వినపడకపోతే ఈ ఆల్బంలో సగం పోయినట్టే.