వెనక బ్రేక్ ప్యాడ్లు విప్పే ముందు ఈ ఉత్తరం చదువు

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

కారు వెనక నుంచి కీచుమని శబ్దం వస్తోందనీ, కొత్త ప్యాడ్లు తెచ్చిపెట్టుకున్నావనీ, ఆదివారం ఇంటి దగ్గరే మార్చేస్తాననీ రాశావు. చాలా సంతోషం. ముందు చక్రాలవి రెండుసార్లు మార్చాను కదా, ఇవీ అంతేగా అన్నావు. ఆ ఒక్క మాట చూసే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

తేడా అంతా పిస్టన్ దగ్గరే ఉంది, అంటే ప్యాడ్‌ని డిస్క్ (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం) మీదికి నెట్టే గుండ్రటి ముక్క దగ్గర. ముందు చక్రాల కాలిపర్‌లో (డిస్క్‌ని రెండు పక్కలా ప్యాడ్లతో పట్టే భాగం) పిస్టన్‌కి సీ క్లాంప్ (మరతో బిగించే పట్టుకొయ్య) పెట్టి బిగిస్తే లోపలికి వెళ్లిపోతుంది. వెనక అలా కాదు. చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్ కూడా అదే కాలిపర్ మీద పనిచేస్తుంది, అందుకని పిస్టన్ లోపల ఒక మర ఉంటుంది. దాన్ని తిప్పుతూ లోపలికి పంపాలి. నాకీ సంగతి తెలియని రోజుల్లో సీ క్లాంప్‌తో బలంకొద్దీ బిగించాను. కదల్లేదు. ఇంకాస్త బిగించాను. లోపల టక్కుమంది. ప్యాడ్లయితే కూర్చున్నాయి గానీ ఆ వైపు హ్యాండ్ బ్రేక్ మళ్లీ పట్టలేదు. ప్యాడ్లతో అయిపోవాల్సిన పని కాలిపర్ మొత్తం మార్చేదాకా వెళ్లింది. అది నీకు జరగకూడదు.

నీ బండిలో ఏ రకం ఉందో ముందే చూసుకో. హ్యాండ్ బ్రేక్ కేబుల్ వచ్చి కాలిపర్ మీదున్న చిన్న లివర్‌కి తగులుకుని, పిస్టన్ ముఖం మీద గాట్లు కనిపిస్తే అది తిప్పే రకం. కేబుల్ డిస్క్ వెనక్కి పోతే, హ్యాండ్ బ్రేక్‌కి డిస్క్ లోపల వేరే చిన్న బ్రేక్ షూలు ఉన్నట్టు. అప్పుడు పిస్టన్‌ని మామూలుగా నొక్కొచ్చు. ఇక లివర్ లేకుండా బటన్ నొక్కే పార్కింగ్ బ్రేక్ అయితే, కాలిపర్‌కి మోటారు ఉంటుంది. దాన్ని సర్వీస్ మోడ్‌లో (రిపేరు కోసం బ్రేక్‌ని వదులు చేసే అమరిక) పెట్టి మోటారు వెనక్కి వెళ్లాకే కాలిపర్ జోలికి వెళ్లాలి. కొన్ని బళ్లలో ఆ పని కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్‌తోనే అవుతుంది. అది చేతిలో లేకపోతే ఈ ఆదివారం వదిలెయ్, ఏమీ ఫరవాలేదు.

బండి ఎత్తే సంగతి నీకు తెలిసిందే, ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. వెనక పని చేసేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వదిలేసి ఉండాలి, లేకపోతే పిస్టన్ తిరగదు. అంటే బండిని ఆపేది ముందు చక్రాలే. వాటికి ముందూ వెనకా రెండు వైపులా గట్టి అడ్డు పెట్టు. చదునైన నేల చూసుకో. వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చెయ్. జాకీతో ఎత్తాక జాక్ స్టాండ్ పెట్టకుండా చెయ్యి కూడా లోపల పెట్టకు. జాకీ ఎత్తడానికే. దాని మీద భరోసా పెట్టుకుని పనిచేసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

రెండు వైపులా ప్యాడ్లు మార్చాల్సిందే, కానీ ఒకేసారి విప్పకు. ఒక వైపు పూర్తయ్యాకే రెండోది. ఏదైనా క్లిప్పు ఎటు కూర్చోవాలో మర్చిపోతే రెండో చక్రం దగ్గరికెళ్లి చూసుకోవచ్చు.

కాలిపర్ ఊడాక దాన్ని బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకు. ఒక తీగతో పైన స్ప్రింగ్‌కి కట్టు. పాత ప్యాడ్లు పారేసే ముందు పక్కపక్కన పెట్టి చూడు. చాలామంది ఇది చెయ్యరు, నా లెక్కలో మాత్రం ఇదే అసలు పరీక్ష. రెండూ సమానంగా అరిగితే మంచిది. లోపలిది బాగా అరిగి బయటిది నిండుగా ఉంటే కాలిపర్ జరగట్లేదని అర్థం. ఎక్కువసార్లు స్లైడ్ పిన్నులు, అంటే కాలిపర్ అటూ ఇటూ జరిగే కడ్డీలు, పట్టేసి ఉంటాయి. వాటిని సరిచెయ్యకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే పోతాయి. పిన్నులు బయటికి లాగి, పాత గ్రీజు తుడిచి, తుప్పు ఉంటే తీసి, బ్రేకుల కోసం వచ్చే సిలికాన్ గ్రీజు పల్చగా రాయి. మామూలు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. పిన్ను లోపలికి తోసినప్పుడు వేలితో మెత్తగా ఆడాలి. పిన్ను మీది రబ్బరు తొడుగు చిరిగి ఉంటే కొత్తది వెయ్.

డిస్క్ అంచు మీద కనీస మందం ఎంతో చెక్కి ఉంటుంది, సాధారణంగా మిల్లీమీటర్లలో. కొలిచి చూసుకో. అంతకన్నా తగ్గితే డిస్క్ కూడా మార్చాలి. దుమ్మును ఊదకు, మాస్క్ పెట్టుకుని బ్రేక్ క్లీనర్ కొట్టి తుడువు.

ఇక పిస్టన్. ముందుగా బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూడు. పిస్టన్ లోపలికి వెళ్లే కొద్దీ ఆయిల్ పైకి వస్తుంది. గరిష్ఠ గీత దాకా ఉంటే సిరంజితో కొంచెం తీసెయ్. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడుగు, లేకపోతే రంగు లేచిపోతుంది. పిస్టన్ తిప్పే టూల్ పెట్టి నెమ్మదిగా, నొక్కుతూ తిప్పు. ఎక్కువ బళ్లలో గడియారం ముల్లు తిరిగే దిక్కే, కొన్నింటిలో ఒక వైపుది రివర్స్‌లో ఉంటుంది. అందుకే మాన్యువల్ చూడు. తిప్పుతున్నంతసేపూ కళ్లు పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు మీదే ఉండాలి. అది పిస్టన్‌తో పాటు మెలి తిరిగితే ఆగి సరిచెయ్. చివర్లో పిస్టన్ మీది గాటు, లోపలి ప్యాడ్ వెనకున్న చిన్న బుడిపెకి ఎదురుగా వచ్చేలా ఆపాలి. బుడిపె గాట్లో కూర్చోకపోతే ప్యాడ్ వాలి, ఒక పక్కే అరుగుతుంది.

బ్రాకెట్‌లో (ప్యాడ్లు కూర్చునే చట్రం) ప్యాడ్ చెవులు, అంటే రెండు చివర్లు, ఆనే చోట తుప్పు గీకి, పేరుకి మాత్రం కొంచెం గ్రీజు రాయి. రాపిడి ముఖానికి మాత్రం వేలిముద్ర కూడా తగలనివ్వకు. బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే (బిగింపు బలం) బిగించు, వీల్ నట్లు కూడా అంతే.

అన్నీ బిగించేశాక స్టార్ట్ చేసి రోడ్డెక్కాలని చెయ్యి దురదపెడుతుంది. ఆగు. బండి కదలక ముందే పెడల్ నొక్కు. మొదటిసారి కాలు నేలకి దిగిపోతుంది. టెన్షన్ పడకు, ప్యాడ్లు డిస్క్‌ని ఇంకా చేరలేదంతే. నెమ్మదిగా నొక్కుతూ వదులుతూ ఉంటే కాసేపటికి పెడల్ పైనే గట్టిగా నిలబడుతుంది. తర్వాత హ్యాండ్ బ్రేక్ నాలుగైదుసార్లు లాగి వదులు, బ్రేక్ ఆయిల్ గీతల మధ్య ఉందో లేదో చూడు. ఎంత నొక్కినా స్పాంజిలా మెత్తగా ఉంటే లోపల గాలి ఉన్నట్టు. అలాగే బండి తియ్యకు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా, మరీ గట్టిగా కాకుండా, ఎనిమిది పదిసార్లు వేగం తగ్గించు. మధ్యలో పూర్తిగా ఆపకు, ప్రతిసారికీ మధ్య కొంచెం దూరం నడిపి చల్లారనివ్వు. కొత్త ప్యాడ్లు డిస్క్‌కి అలవాటుపడేది అప్పుడే. మొదట కొన్నిసార్లు పట్టు తక్కువగా అనిపిస్తుంది, ముందు బండికి దూరం ఎక్కువ ఉంచు.

ఒక వైపు అయ్యాక, రెండోది విప్పే ముందు నాకు ఫోన్ చెయ్. పాత ప్యాడ్లు రెండూ ఎలా అరిగాయో చెప్పు.

మీ మావయ్య