ముఖం దాస్తే మనిషి దాగినట్టేనా?

ప్రశ్న: మధుమేహం ఉన్నవారి రోజువారీ జీవితంపై పరిశోధన చేస్తున్నాను. 12 మందికి ఫోన్లిచ్చి రెండు వారాలు ఫొటోలు తీయమన్నాను. అందరూ అంగీకార పత్రంపై సంతకం చేశారు. ప్రచురించేటప్పుడు ముఖాలు బ్లర్ చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. మీ దగ్గరున్నవి ఫొటో తీసేవారి సంతకాలు. ఫొటోలో పడేవారి మాటేమిటి? పాల్గొనేవారి చేతికే కెమెరా ఇచ్చే ఈ ‘ఫొటోవాయిస్’ పద్ధతిని 1990లలో మేరీ ఆన్ బరిస్‌తో కలిసి రూపొందించిన కరొలిన్ వాంగ్, 2001లో సహరచయితతో రాసిన వ్యాసంలో మూడు వేర్వేరు పత్రాలు ఉండాలన్నారు: పాల్గొనేవారిది, ఫొటోలో కనిపించేవారిది, ప్రచురణకు ఇచ్చేది. ఈ మూడోదాన్ని మొదటి రోజే తీసుకోవడం తరచూ జరిగే పొరపాటు. తీయని ఫొటోకి ఎవరైనా ఏమని ఒప్పుకుంటారు? ఫొటోలన్నీ వచ్చాక ఒక్కొక్కటీ చూపించి, చర్చకు మాత్రమేనా, నివేదికకా, ప్రదర్శనకా, ఇంటర్నెట్‌కా అని విడివిడిగా అడగండి. ఇంటర్నెట్‌లోకి వెళ్లాక పూర్తిగా వెనక్కి తీసుకోవడం మన చేతుల్లో ఉండదని అప్పుడే చెప్పాలి.

ఇక బ్లర్ సంగతి. బల్లమీద మాత్రల అట్ట ఫొటో తీశారనుకోండి. పక్కనే మందుల చీటీ మీద పేరు, వెనక అద్దంలో ఇంటి బట్టల్లో ఉన్న భర్త. మనిషి ముఖం ఎదురుగా లేకపోయినా ఇరుగుపొరుగు ఇట్టే పోల్చుకుంటారు. పచ్చబొట్టు, కర్టెన్, నిలబడే తీరు కూడా చాలు. కాబట్టి ముందు ఫొటోని కత్తిరించండి, కుదరకపోతే పూర్తిగా నల్లటి పట్టీ వేసి కొత్త ఫైలుగా సేవ్ చేయండి. పీడీఎఫ్‌లో పైన అతికించిన పట్టీని తీసేయడం పెద్ద పని కాదు.

ఫోన్లు ఇచ్చేముందే కెమెరాలో లొకేషన్, క్లౌడ్ బ్యాకప్ ఆపేయండి. లేదంటే ఇంటి చిరునామా ఫొటోతోపాటే వచ్చేస్తుంది. క్లౌడ్‌ది ఇంట్లో అందరూ వాడే ఖాతా అయితే జబ్బు సంగతి తెలియనివాళ్లకీ తెలిసిపోతుంది. ఎదుటివారు వద్దంటే వస్తువునో నీడనో తీయమని చెప్పండి. పిల్లలైతే పెద్దల సంతకంతోపాటు పిల్లల ఇష్టం కూడా కావాలి. హింస వంటిది ఫొటోలో బయటపడితే మీరు అధికారులకు చెప్పాల్సి వస్తుందా అన్నది కెమెరా ఇవ్వకముందే తేల్చి, పాల్గొనేవాళ్లకీ చెప్పండి.

ప్రశ్న: ఒకావిడ తన ముఖం దాచొద్దు, పేరూ వేయండి అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవచ్చు. ఆమె పనికి ఆమె పేరు ఉండాలనుకోవడం న్యాయమే. చాలాచోట్ల ఫొటో హక్కు తీసినవారిదే. అయితే ఉద్యోగం ఇచ్చేవారు, బంధువులు చూస్తే ఏమవుతుందో ఆమెతో మాట్లాడి, కొన్ని రోజులు ఆగి మళ్లీ అడగండి. ఆ ఫొటోలో ఇంకొకరు ఉంటే మాత్రం వాళ్ల ముఖం గురించి ఆమె మాట చెల్లదు.